న్యూయార్కు నగరపు పొట్టి వంతెనలు

ఇల్లు కదలదు, బండి కాపురమునకు పనికిరాదు అని మన పెద్దల లెక్క. ఈ లెక్కను తప్పించిన వాహనమొకటి అమెరికా దేశమున కలదు. మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు బస్సంత పెట్టెలో అమర్చి, ముందు భాగమున డ్రైవరు కూర్చుండుటకు చోటుంచిన ఈ బండిని అక్కడ మోటార్‌హోమ్ అందురు. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారు ఆర్‌వీ అని పొట్టిగా పిలుతురు. వేసవి సెలవులలో నాలుగైదు రోజులకు దానిని అద్దెకు తీసుకొని, పిల్లలను, స్వదేశము నుండి వచ్చిన పెద్దలను ఎక్కించుకొని బయలుదేరు కుటుంబములు ఇప్పుడు కొల్లలు. మేము ఈ వ్యాసములో దానిని ఇంటిబండి అని పిలుతుము.

ఇంటిబండిని మొదటిసారి నడుపువాడు దాని పొడవును చూచి భయపడును. నిజమునకు భయపడవలసినది ఎత్తును చూచి. మామూలు కారు ఐదారు అడుగుల ఎత్తుండును. ఇంటిబండ్లలో చిన్నవి కూడ చాలవరకు తొమ్మిది అడుగులకు అటునిటుగా నుండును. నడితరము బండ్లు 10 నుండి 12 అడుగులు. పెద్దవి 13 అడుగులకు పైబడును. జీవితమంతయు కారు నడిపినవానికి తన నెత్తిమీద ఏమున్నదో ఆలోచించు అవసరము ఒక్కనాడును రాలేదు. ఇప్పుడా అవసరము వచ్చినది.

న్యూజెర్సీ రాష్ట్రము ఎడిసన్ పట్టణమున ఒక తెలుగు కుటుంబము ఇట్టి బండిలో బయలుదేరుచున్నదనుకొందము. తాతగారు మన రోడ్లు భవనముల శాఖలో ఓవర్సీయరు పని చేసి విశ్రాంతి తీసుకొన్నవారు.

"ఏరా, బండి ఎత్తెంత?" అని ఆయన కుమారుని అడిగెను.

"పుస్తకంలో పదకొండు అడుగులని ఉంది, నాన్నగారూ."

"పైనున్న ఆ ఏసీ పెట్టె కలిపేనా?"

కుమారునకు తెలియదు. నిచ్చెన వేసి, టేపు పట్టి చూడగా 11 అడుగుల 10 అంగుళములు తేలినది. తాతగారు ఆ అంకెను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి డ్రైవరు కన్నులయెదుట అంటించెను. ఇట్టి బండి కప్పుపై నుండు ఏసీ పెట్టె దాదాపు ఒక అడుగు ఎత్తును తినివేయును. ఆ ఒక్క అడుగునకు ఈ ప్రయాణములో ఎంత విలువ గలదో ముందు ముందు తెలియగలదు.

వారు పోవలసినది లాంగ్ ఐలండు. న్యూయార్కు నగరమునకు తూర్పుగా అట్లాంటిక్ మహాసముద్రములోనికి నూరు మైళ్లకు పైగా చాచుకొనియున్న దీవి అది. చేతిలోని ఫోను పటము దగ్గరి దారిని క్షణములో చూపినది: వెరజానో వంతెన దాటి, బెల్ట్ పార్క్‌వే పట్టి, అక్కడనుండి సదరన్ స్టేట్ పార్క్‌వే ఎక్కవలెను. ఆ పటము కారు నడుపువారి కొరకు చేయబడినది. నీ బండి ఎత్తెంత యని అది అడుగదు. పార్క్‌వే అను మాటలో నూటయేబది యేండ్ల చరిత్ర దాగియున్నదనియు చెప్పదు.

పార్క్‌వే అనగా తోటదారి. ఈ మాటను ప్రచారములోనికి తెచ్చినవారు ఫ్రెడరిక్ లా ఆల్‌మ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అను ఇద్దరు శిల్పులు. న్యూయార్కు నడిబొడ్డునగల సెంట్రల్ పార్కుకు 1858లో వీరు గీచిన నమూనాయే పోటీలో నెగ్గినది. అందులో ఒక యుక్తి కలదు. నగరపు సరకుల బండ్లు ఆ తోటను అడ్డముగా దాటక తప్పదు. కాని షికారు వచ్చినవారి కంటికి అవి కనబడరాదు. అందుకై నాలుగు అడ్డదారులను నేలమట్టమునకు దిగువగా త్రవ్వించి, షికారు బండ్లను, పాదచారులను వాటిమీది వంతెనలపై నడిపించిరి. బరువు క్రిందను, వినోదము మీదను. తరువాత 1870వ దశకమున బ్రూక్లిన్‌లో వేసిన ఈస్టర్న్ పార్క్‌వేలోను ఈ విభజనయే కానవచ్చును: నడుమనున్న విశాలమైన దారి షికారు బండ్లకు, ప్రక్కలనున్న సన్నని దారులు సరకుల బండ్లకు. గుఱ్ఱములు పోయి మోటార్లు వచ్చినను ఈ భావము పోలేదు.

మురికికాలువగా మారిన బ్రాంక్స్ నదిని బాగుచేయుటకు 1907లో ఒక సంఘమేర్పడినది. ఆ సంఘము నదీతీరమును శుభ్రపరచి, నదితోపాటు వంపులు తిరుగు ఒక మోటారు దారిని 1925 నాటికి పూర్తిచేసెను. అడ్డువీథుల బండ్లు వచ్చి తగులకుండుటకు ఆ వీథులను వంతెనలపై దాటించిరి. రాతి తాపడముతో ఒదిగియున్న ఆ చిన్న కమానులు నేటికిని చూడ ముచ్చటగా నుండును. వాటి క్రింద పోవలసినది కారు. లారీకి ఆ దారిలో ప్రవేశమే లేదు. రాని బండి కొరకు ఎత్తైన కమాను కట్టి డబ్బెవరు పోయుదురు? పైగా కమాను లేచినకొలది దానిమీది వీథిని కూడ ఇరుప్రక్కల మిట్ట చేయవలెను. ఖర్చు పెరుగును, తోట సొగసు తరుగును. ఇట్లు పార్క్‌వే అన్నచోట పొట్టి వంతెన యుండుట ఒక ఆచారమైనది.

కమాను వంతెనకు మరియొక గుణము కలదు. నడుమ ఎత్తుగా నుండి అంచులవైపు వంగిపోవును. లోపలి వరుసలో క్షేమముగా సాగు బండి వెలుపలి వరుసకు జరిగినంతనే దాని పై మూల రాతికి తగులవచ్చును. దారిపై తారు వేసినప్పుడెల్ల క్రిందినుండి కొన్ని అంగుళములు ఎగిరిపోవుచుండును. వంతెన కదలలేదు, బండి పెరుగలేదు, కాని నడుమనున్న సందు తగ్గినది. తాతగారి వంటి ఓవర్సీయరుకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

తొలినాటి ఇంటిబండ్లలో పేరుకెక్కినదొకటి ఈ లాంగ్ ఐలండు నుండియే బయలుదేరినది. ఆ దీవిలోని హంటింగ్టన్ పట్టణవాసి రోలండ్ కాంక్లిన్, బస్సులు తయారుచేయు కంపెనీ యజమాని. 1915లో ఆయన తన కంపెనీలోనే 25 అడుగుల పొడవు, 8 టన్నుల బరువు గల ఒక బండిని కట్టించి, ఆలుబిడ్డలతో దేశము ఈ కొననుండి ఆ కొనకు, సాన్‌ఫ్రాన్సిస్కో వరకు ప్రయాణము కట్టెను. ఆ బండికి పెట్టిన పేరు జిప్సీ వ్యాన్. అనగా తొలి ఇంటిబండ్లలో నొకటి బస్సు కడుపున పుట్టినది. మరి పుష్కరము గడచునప్పటికి అదే దీవిలో బస్సు దూరని వంతెనలు లేచినవి. వాటిని లేపించినవాడు రాబర్ట్ మోజెస్.

మోజెస్ (1888–1981) ఎన్నికలలో గెలిచి అధికారమునకు వచ్చినవాడు కాడు. 1934లో గవర్నరు పదవికి పోటీచేసి చిత్తుగా ఓడినాడు. అయినను నలుబది యేండ్లకు పైగా న్యూయార్కులో ఆయన గీచిన గీతయే దారి. 1924లో లాంగ్ ఐలండు రాష్ట్రోద్యానముల సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. అప్పటికా దీవిలో మంచి భూములనేకము ధనికుల ఎస్టేట్ల క్రింద నుండెను. ఇరుకైన అద్దెయిండ్లలో వేసవికి ఉడికిపోవు నగర ప్రజలకు కనుచూపు మేరలోనే సముద్రమున్నను కాలు పెట్టుటకు చోటు లేదు. మోజెస్ ఆ ఎస్టేట్లవారితో పోరాడి దారులు తీసెను. సదరన్ స్టేట్ పార్క్‌వే మొదటి భాగము 1927లో తెరువబడినది. 1929లో జోన్స్ బీచ్ ప్రజల పరమైనది. మైళ్లకొలది ఇసుక, రాతి స్నానశాలలు, శుభ్రమైన నడకదారులు. ప్రజల కొరకు అంత దర్జాగా కట్టిన సముద్రతీరము అంతకుముందు ఆ దేశము ఎరుగదు. ఈ పని గొప్పతనమును తగ్గించి చెప్పుట న్యాయము కాదు. ఇంతకు, అన్ని మోటారు దారులు వేయించిన ఆ మహానుభావునకు కారు నడుపుట మాత్రము రాదు. జీవితాంతము డ్రైవరు వెనుక కూర్చుండియే తిరిగెను.

ఆ తోటదారులకు అడ్డముగా కట్టిన వంతెనలు పొట్టివి. 1974లో రాబర్ట్ కేరో మోజెస్ జీవితచరిత్రను 'ది పవర్ బ్రోకర్' అను పేర ప్రకటించువరకు వాటిని గూర్చి ఎవరును పెద్దగా ఆలోచించలేదు. ఆ గ్రంథమునకు మరుసటి యేడు పులిట్జరు బహుమానము వచ్చినది. మోజెస్ వద్ద చాలకాలము పనిచేసిన ఇంజనీరు సిడ్నీ షపీరో చెప్పిన మాటలను ఆధారము చేసికొని కేరో ఒక ఘోరమైన ఆరోపణ చేసెను. వంతెనలను మోజెస్ కావలెననియే పొట్టిగా కట్టించెను; కారు కొనలేని పేదలు, నల్లజాతివారు బస్సులలో జోన్స్ బీచికి రాకుండ చేయుట ఆయన ఉద్దేశము. చట్టము చేసినచో రేపు మరియొకడు వచ్చి దానిని మార్చవచ్చును, కట్టిన వంతెనను పడగొట్టుట అంత సులభము కాదు, అను ఆలోచన దీని వెనుకనున్నదట. 1980లో లాంగ్డన్ విన్నర్ అను పండితుడు దీనినే ఉదాహరణముగా గైకొని, మనిషి చేసిన వస్తువులలోను రాజకీయముండునని ఒక వ్యాసము వ్రాసెను. నాటినుండి ఈ కథ ప్రపంచమంతట కళాశాలల పాఠములలో చేరినది.

కథ బాగున్నప్పుడే దానిని రెండవసారి పరీక్షించవలెను. 1999లో బెర్న్‌వార్డ్ యోర్గెస్ అను జర్మను పరిశోధకుడు ఆ పని చేసెను. పార్క్‌వేలలో బస్సులకు, లారీలకు నిబంధనల ప్రకారమే ప్రవేశము లేదు. నిబంధన యున్నచోట వంతెనతో పనియేమి? పొట్టి వంతెనలు ఆ కాలపు తోటదారులన్నిటిలోను ఉన్నవి. మోజెస్ ఒక్కడే కనిపెట్టినవి కావు. పైగా జోన్స్ బీచికి వేరు దారులు లేకపోలేదు. ఈ వాదమును చదివినవారు చాలమంది, పాపము మోజెస్‌పై నింద పడినదని అనుకొనిరి.

2017లో థామస్ కాంపనెల్లా అను నగర చరిత్రకారుడు వాదములను ప్రక్కనబెట్టి కొలతలు తీసి చూచెను. సదరన్ స్టేట్ పార్క్‌వే తొలి వంతెనల క్రింది ఎత్తు, తూర్పుగా పోవు దారిలో, సగటున 107.6 అంగుళములు, అనగా తొమ్మిది అడుగులకు ఇంచుక తక్కువ. అదే కాలమున న్యూయార్కుకు ఉత్తరముగా వేసిన ఇతర తోటదారుల వంతెనలు సగటున పది అడుగులకు పైబడియున్నవి. అవియు బస్సులను రానీయని దారులే. ఆచారమునకు మించి మరియొక అడుగు ఇక్కడ తగ్గినది.

మాకు తోచినది ఇది. పొట్టి వంతెనను మోజెస్ సృష్టించలేదు. అది ఆయనకు వారసత్వముగా వచ్చినది. కాని వచ్చినదానిని ఆయన మరికొంత వంచినాడు. ఎందుకు వంచెనో టేపు చెప్పజాలదు. షపీరో చెప్పిన మాట ఒకటి, మోజెస్ ఇతర సందర్భములలో పేదలయెడ, నల్లవారియెడ చూపిన నడవడి మరియొకటి. ఈ రెండును కలిపి చూచినప్పుడు కేరో అనుమానము నిరాధారమని కొట్టివేయుట మాకు సాధ్యము కాదు. ఉద్దేశము ఏదైనను, కారు లేని కుటుంబమునకు ఆ దారి లేదు; ఆ రోజులలో న్యూయార్కు కుటుంబములలో కారు లేనివే ఎక్కువ. మన గోలకొండ కోట తలుపులకు బిగించిన ఇనుపమేకులను చూచినవారికి అవి ఎవరి కొరకో చెప్పనక్కరలేదు. తలతో తలుపును కుమ్మవచ్చు శత్రువుల ఏనుగు కొరకు. మేకునకు దాపరికము లేదు. రాతి కమాను అట్లు కాదు. చూచుటకు అది తోటలోని అలంకారము.

ఆ అలంకారము ఇప్పటికిని ఎవరినో ఒకరిని నిలువరించుచునేయున్నది. 2018 ఏప్రిలు నెలలో ఐరోపా యాత్రనుండి తిరిగివచ్చిన విద్యార్థులు న్యూయార్కు విమానాశ్రయములో దిగి ఒక బస్సెక్కిరి. చీకటిపడిన వేళ ఆ బస్సు సదరన్ స్టేట్ పార్క్‌వేలోనికి ప్రవేశించి ఒక వంతెనను ఢీకొన్నది. బస్సు పైకప్పు నిలువునా చీలిపోయినది. నలుబది మందికి పైగా గాయపడిరి. డ్రైవరు వాడినది కార్ల కొరకు చేసిన పటమని విచారణలో తెలిసినది. 1920వ దశకమున ఎవరో తీసికొన్న నిర్ణయము తొంబది యేండ్ల తరువాత సెలవులనుండి ఇల్లు చేరుచున్న పిల్లల నెత్తిమీద పడినది.

ఇక మన ఇంటిబండి సంగతి. దానికి తగులుకొన్న చిక్కు వింతైనది. తోటదారి పుట్టినది షికారు కొరకు. సరకులు మోయువారిని, కూలిబండ్లను వెలియుంచుటకు. ఇంటిబండి సరకు మోయదు, అద్దెకు జనమును ఎక్కించుకొనదు. అది పుట్టినదే విహారము కొరకు. ఆ లెక్కన ఆల్‌మ్‌స్టెడ్ కాలపు షికారు బండికి అసలైన వారసుడు ఇదియే. అయినను ఎత్తు విషయమున అది లారీల జాతిలో చేరిపోయినది. తప్పు వంతెనది కాదు, బండిదియు కాదు. ఒకదాని తరువాత ఒకటి పుట్టుటలో నున్నది. మిచిగన్ రాష్ట్రమున రే ఫ్రాంక్ అనునాయన తన కుటుంబము కొరకు ఇంటిబండిని కట్టుకొని దానిని మోటార్‌హోమ్ అని పిలిచినది 1953లో. అయోవా రాష్ట్రపు విన్నెబాగో కంపెనీ వీటిని పెద్దయెత్తున తయారుచేయుట మొదలిడి మామూలు సంసారులకు అందుబాటులోనికి తెచ్చినది 1966లో. అప్పటికి సదరన్ స్టేట్ వంతెనల వయస్సు నలుబదికి సమీపించినది.

వంతెనలను పైకెత్తరాదా యని అడుగవచ్చును. పైనున్నది వీథియైనచో ఇరుప్రక్కల ఇండ్ల ముంగిళ్లవరకు మిట్ట వేయవలెను. రైలు పట్టాయైనచో పని మరింత కష్టము. ఉత్తర కరోలినాలోని డర్హాం పట్టణమున 11 అడుగుల 8 అంగుళముల ఎత్తుగల ఒక రైలు వంతెన, లారీల కప్పులను, ఇంటిబండ్ల కప్పులను ఒలిచివేయుటలో దేశమంతట ప్రసిద్ధికెక్కినది. దానిని 2019 అక్టోబరులో ఎత్తిరి. ఎంత ఎత్తిరి? 8 అంగుళములు. ఆ తరువాతను దెబ్బలు పూర్తిగా ఆగలేదు.

ఇట్టి ఏటివార షికారుదారి ఉత్తరమున బోస్టన్ నగరములోను కలదు. దానిది మరింత మనసు కలచు కథ. చార్లెస్ నదికి 1910లో ఆనకట్ట పూర్తిగావించి, బురదమేటలుగా నున్న పాయను నిలకడ నీటి సరస్సుగా మార్చుటకు పాటుపడినవారిలో జేమ్స్ స్టారో ముఖ్యుడు. ఆయన 1926లో మరణించిన పిమ్మట భార్య హెలెన్ స్టారో ఆ తీరమును ఉద్యానముగా పెంపొందించుటకు పది లక్షల డాలర్లు దానమిచ్చెను. తోటతోపాటు ఒక మోటారు దారిని కూడ వేయుదుమని అప్పట్లో వచ్చిన ప్రతిపాదన ప్రజల ఎదిరింపుచే ఆగిపోయినది. హెలెన్ 1944లో గతించినది. 1949లో శాసనసభ మరల ఆ దారికే అనుమతి నిచ్చెను. 1951లో అది పూర్తియైనది. దానికి పెట్టిన పేరు స్టారో డ్రైవ్! తోట కావలెనన్న దంపతుల పేరు, తోటను కోసుకొనిపోయిన దారికి.

ఆ దారిలోను పది పదకొండు అడుగుల వంతెనలే. ప్రవేశద్వారములవద్ద కార్లకు మాత్రమే అను పలకలను గొలుసులతో వ్రేలాడదీసియుందురు. ఎత్తు బండి వచ్చినచో ముందుగా ఆ పలక కప్పునకు తగిలి చప్పుడగును. బోస్టన్‌లో అద్దెయిండ్ల ఒప్పందములు అనేకము సెప్టెంబరు 1వ తేదీతో మారును. ఆనాడు సామానుల లారీని అద్దెకు తీసికొని, ఫోను పటమును నమ్ముకొని వచ్చిన క్రొత్త విద్యార్థి ఎవడో ఒకడు ప్రతి యేటను ఆ పలకను లెక్కచేయక ముందుకు పోవును. లారీ కప్పు తగరపు డబ్బా మూతవలె చుట్టుకొనిపోవును. దీనికి ఆ ఊరివారు ఒక క్రియాపదమునే చేర్చినారు: బండి 'స్టారో అయినది' అందురు. హెలెన్ అమ్మ చేసిన దానమునకు భాషలో మిగిలిన గుర్తు అది.

మన కుటుంబము న్యూజెర్సీలో ఇంకను బయలుదేరియే యున్నది. ఫోను పటమును కట్టివేసి, బండి ఎత్తు, పొడవు, బరువు చెప్పినమీదట దారి చూపు వేరొక పటమును కుమారుడు తెరచెను. అది చూపిన దారి చుట్టు. ఉత్తరముగా పోయి, 1931లో తెరువబడిన జార్జి వాషింగ్టన్ వంతెనపై హడ్సన్ నదిని దాటవలెను. అదియు పై అంతస్తులోనే. 1962లో చేర్చిన క్రింది అంతస్తులోను, నది క్రింది సొరంగములలోను వంటగ్యాసు సిలిండరుతో వచ్చు ఇంటిబండికి ప్రవేశము లేదు. ఇంటిబండి యన్నప్పుడు పొయ్యి ఉండును, పొయ్యి యున్నచోట సిలిండరుండును. తలపైననే గాక పొట్టలోను దానికి ఆటంకమే.

వంతెన దిగినంతనే క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే. ఇది తోటదారి కాదు. లారీలు, బస్సులు, ట్యాంకర్లు అన్నియు ఒకదాని తోక నొకటి పట్టుకొని నడచు దారి. ఇట్టి జాతీయ రహదారులకు 1956 చట్టము దరిమిలా ఏర్పడిన నియమము ప్రకారము వంతెన క్రింద కనీసము 14 అడుగులుండవలెను. క్షిపణుల వంటి భారీ సామగ్రిని తరలించుటకు అది చాలదని సైన్యమువారు కోరగా 1960లో దానిని 16 అడుగులకు పెంచిరి. పాత నగరములలో పలుచోట్ల 14 అడుగులే నిలిచినవి. తాతగారి కాగితముపైనున్న 11 అడుగుల 10 అంగుళములకు ఇక్కడ భయము లేదు.

అయితే ఈ దారియు మోజెస్ వేయించినదే. 1948లో మొదలిడి 1960వ దశకమువరకు సాగిన ఈ పనిలో, బ్రాంక్స్ నడుమ కాపురమున్న వేలాది కుటుంబములను లేవగొట్టి, వారి అపార్టుమెంటులను పడగొట్టి, నేలను కోసుకొనిపోయిరి. ఈస్ట్ ట్రెమాంట్ పేటవారు దారిని కొంచెము ప్రక్కకు జరిపినచో తమ ఇండ్లలో చాలవరకు నిలుచునని ఎంతగానో మొరపెట్టుకొనిరి, మోజెస్ వినలేదు. కేరో తన గ్రంథములో ఆ ఒక్క మైలు దారికే ఒక అధ్యాయమును కేటాయించెను. పొట్టి వంతెనల దారి పేదవానిని సముద్రమునకు రానీయలేదు. ఎత్తు వంతెనల దారి వానిని ఇంటిలో ఉండనీయలేదు. వెనుక మంచముపై మనుమరాలు నిద్రించుచుండగా, పొయ్యిపై అత్తగారు కాచి వంచిన కాఫీ ఫ్లాస్కులో వేడిగా నుండగా, చక్రములమీది ఈ ఇల్లు ఆ ఇండ్లు నిలిచిన నేలమీదుగా సాగిపోవును. కిటికీలోనుండి చూచిన దారికి ఇరువైపుల ఎత్తైన గోడలే కానవచ్చును.

అక్కడనుండి 1961లో కట్టిన త్రోగ్స్ నెక్ వంతెన. దూరమున నీళ్లపై పడవల తెరచాపలు, చల్లని గాలి. దిగిన తరువాత క్లియర్‌వ్యూ ఎక్స్‌ప్రెస్‌వే, పిదప లాంగ్ ఐలండు ఎక్స్‌ప్రెస్‌వే. ఈ దారిపొడవునను అడుగడుగున పార్క్‌వేలోనికి పోవు మలుపులు పిలుచుచుండును. ఆకుపచ్చని చెట్లు, వంపు తిరిగిన చల్లని దారి, కార్లకు మాత్రమే అను పలక. మలుపు తిరిగినచో బండిని వెనుకకు మరలించు చోటు లేదు. పోలీసులు వచ్చి రాకపోకలను ఆపి వెనుకకు నడిపింపవలసినదే. కుమారుడు పలకను చూచినప్పుడెల్ల తాతగారు కాగితమును చూచుచుండిరి.

సాయంత్రమునకు బండి దీవి నడుమనున్న ఒక విడిదిలో నిలిచినది. కరెంటు తీగ, నీళ్ల గొట్టము తగిలించి, కుర్చీలు బయట వేసికొని కూర్చుండిరి. మరునాడుదయమున వారు ఇంటిబండిని అక్కడనే వదలి, టాక్సీలో ఫ్రీపోర్టు రైలు స్టేషనుకు చేరిరి. వేసవిలో అక్కడనుండి జోన్స్ బీచికి బస్సు నడచును. ఆ పట్టణమునుండి దక్షిణముగా నీటిమీదుగా పోవు దారిలో ఆ రాతి కమానులు అడ్డము రావు. బస్సు నిండ జనము: గొడుగులు, చాపలు, పిల్లల బకెట్లు. తాతగారికి కిటికీ ప్రక్కన చోటు దొరికినది. ఇసుక తిన్నెలు కనబడువరకు ఆయన ప్రతి వంతెనను తలయెత్తి చూచుచు కూర్చుండెను.